సర్వర్ కన్సోల్, పాఠం 4: బ్రేక్ కొట్టాక డిస్కులు వెతకడం

పోయిన పాఠంలో, కన్సోల్ నుంచి బ్రేక్ సంకేతం పంపి నడుస్తున్న సొలారిస్‌ని (సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని) ఆపి, ఫర్మ్‌వేర్ చూపించే ఓకే ప్రాంప్ట్ కనబడగానే 'గో' కొట్టి వెనక్కి వచ్చేయమన్నాను. చాలామంది రాలేదు. ఎలాగూ అక్కడిదాకా వెళ్లాం కదా, డిస్కులు కూడా చూసొద్దామని, వాటిని వెతికే 'ప్రోబ్-స్కజీ-ఆల్' కమాండ్ కొట్టారు. కర్సర్ అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రశ్నలన్నీ ఒకటే: సర్వర్ పోయిందా? పోలేదు. కానీ ఈసారి చెబుదామనుకున్న బూట్ డివైస్ వరస పక్కనపెట్టి, ముందు ఈ గొడవ తేల్చాలి.

బండి అదే: సన్ ఫైర్ వీ240, మీద సొలారిస్ 10. వీ210, వీ440 ఉన్నవాళ్లకూ ఇదే పాఠం. సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్ అలామ్ కాక ఐలామ్ అయిన టీ5120 లాంటి యంత్రాల వాళ్లు ఎస్‌సీ> (అలామ్ ప్రాంప్ట్) సంగతులు వదిలేసి నేరుగా ఓకే ప్రాంప్ట్ దగ్గర కలవండి. కేబుల్, 9600 స్పీడు, లాగిన్ మళ్లీ చెప్పను. కమాండ్లు తెలుగులో రాస్తున్నాను గానీ మీరు కొట్టేది చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

మీకు కనబడేది ఒకే తెర. కానీ దాని వెనక మాట్లాడేవాళ్లు ముగ్గురు. ఎస్‌సీ> అని పలకరించేది అలామ్. దానికి సొంత ప్రాసెసర్ ఉంది, పవర్ కార్డు గోడకి ఉన్నంతసేపూ మేలుకునే ఉంటుంది. ఓకే అనేది ఓపెన్‌బూట్ ఫర్మ్‌వేర్. మూడోది సొలారిస్. అలామ్ సంగతి వేరు. ఓపెన్‌బూట్, సొలారిస్ మాత్రం పంచుకునేది ఒకే ప్రాసెసర్లని, ఒకే మెమరీని. ఓకే ప్రాంప్ట్ వచ్చిందంటే సొలారిస్ వెనకాల హాయిగా పని చేసుకుంటోందని కాదు. ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయింది. వెబ్ సర్వర్ జవాబివ్వదు, డేటాబేస్ కదలదు, క్లస్టర్‌లో ఉన్న యంత్రమైతే మిగతా నోడ్‌లు దీన్ని చచ్చినదాని కింద లెక్కేస్తాయి. 'గో' కొడితేనే మళ్లీ ప్రాణం.

ఇక అసలు ఉచ్చు. సొలారిస్ నడుస్తున్నప్పుడు స్కజీ కంట్రోలర్ (డిస్కులతో మాట్లాడే చిప్పు) దాని డ్రైవర్ చేతిలో ఉంటుంది. రిజిస్టర్లలో దాని విలువలుంటాయి, సగంలో ఉన్న రీడ్‌లు, రైట్‌లు ఉంటాయి. మీరు మధ్యలో బ్రేక్ పంపారు. ఇప్పుడు ఓపెన్‌బూట్ తన సొంత చిన్న డ్రైవర్‌తో అదే కంట్రోలర్‌ని పలకరిస్తుంది. ఆ డ్రైవర్ లెక్క ప్రకారం కంట్రోలర్ అప్పుడే రీసెట్ అయి శుభ్రంగా ఉండాలి. పొయ్యి మీద నూనె కాగుతుంటే, కొత్త వంటమనిషి వచ్చి పొయ్యి ఇంకా వెలిగించలేదనుకుని చెయ్యి పెట్టినట్టు. ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి అక్కడే వేలాడిపోతుంది.

ఇందులో నాకు చిరాకు తెప్పించేది వేలాడటం కాదు. ఓపెన్‌బూట్ ముందే చెబుతుంది. స్టాప్-ఏ (సన్ కీబోర్డు మీద బ్రేక్) గానీ హాల్ట్ గానీ జరిగాక ఈ కమాండ్ సిస్టమ్‌ని వేలాడదీయవచ్చు, ముందు 'రీసెట్-ఆల్' కొట్టండి, అయినా సాగమంటారా, వై ఆర్ ఎన్ అని అడుగుతుంది. నాకొచ్చిన ఉత్తరాల్లో ఒక్కరు కూడా ఎన్ కొట్టలేదు. ఇన్‌స్టాలర్‌లో నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కే అలవాటు ఇక్కడిదాకా తెచ్చుకున్నారు.

ఇంకో మాట. 'బ్రేక్ కొట్టలేదు, పద్ధతిగా ఇనిట్ 0 చేసే వచ్చాను కదా' అన్నారు కొందరు. హెచ్చరికలో హాల్ట్ అన్న మాట ఉన్నది అందుకే. ఇనిట్ 0 సొలారిస్‌ని పద్ధతిగా మూసి ఓకే దగ్గరికి దింపుతుంది కాబట్టి మీ ఫైళ్లు క్షేమం. కంట్రోలర్‌ని మాత్రం సొలారిస్ వాడి వదిలేసిందే, రీసెట్ కాలేదు. 'బ్యానర్', 'ప్రింట్ఎన్వ్', 'డెవ్ఎలియాస్' ఎప్పుడైనా కొట్టుకోండి, అవి ఉన్నది చూపిస్తాయంతే. హార్డ్‌వేర్‌ని కదిలించే ప్రోబ్‌లు, టెస్ట్‌లు మాత్రం రీసెట్ తర్వాతే.

అలాగని ఓకే దగ్గర ఊరికే 'రీసెట్-ఆల్' కొడితే యంత్రం రీసెట్ అయి, ఆగకుండా మళ్లీ సొలారిస్‌లోకి వెళ్లిపోతుంది. అందుకని ముందు, తనంతట తానే బూట్ అవ్వడం ఆపే 'సెట్ఎన్వ్ ఆటో-బూట్? ఫాల్స్'. ప్రశ్నార్థకం పేరులో భాగమే, వదిలేస్తే పనిచేయదు. తర్వాత 'రీసెట్-ఆల్'. మళ్లీ ఓకే వచ్చాక 'ప్రోబ్-స్కజీ-ఆల్'. ఇప్పుడు టార్గెట్ నంబర్లతో సహా డిస్కులు వరసగా కనిపిస్తాయి. నేనైతే సొలారిస్‌లో ఉండగానే, ఓపెన్‌బూట్ సెట్టింగులు చూసి మార్చే 'ఈఈప్రామ్' కమాండుతో ఆటో-బూట్? ఫాల్స్ చేసేసి, అప్పుడు ఇనిట్ 0 కొడతాను. ప్రశ్నార్థకాన్ని షెల్ తన గుర్తు అనుకోకుండా ఆ ముక్క మొత్తం కొటేషన్లలో పెట్టండి.

పని అయ్యాక ఆటో-బూట్? మళ్లీ ట్రూ చేయండి. మరిచిపోతే ఈ రోజు ఏమీ తెలియదు. ఎప్పుడో అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు, మిగతా సర్వర్లన్నీ లేచాక ఇదొక్కటి ఓకే అని కూర్చుంటుంది. ఫోన్ మీకే వస్తుంది.

ఇప్పటికే వేలాడిపోయినవాళ్లకి: హ్యాష్, వెంటనే చుక్క కొట్టండి. ఎస్‌సీ> వస్తుంది, అలామ్‌కి ఈ గోలతో సంబంధం లేదు. అక్కడ 'రీసెట్'. బ్రేక్‌తో దిగినవాళ్లకి డిస్కు మీదికి ఎక్కకుండా మెమరీలో మిగిలిన డేటా పోయినట్టే, దానికి మందు లేదు. లాగింగ్ ఆన్‌లో ఉన్న యూఎఫ్ఎస్ అయితే ఫైల్ సిస్టమ్ బూట్‌లో సర్దుకుంటుంది. ఓపెన్‌బూట్‌లో ఇంకేవేవో మార్చి చిక్కుకున్నవాళ్లు ఎస్‌సీ> దగ్గర ఆ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే 'బూట్‌మోడ్ రీసెట్_ఎన్వీర్యామ్' కొట్టి, పది నిమిషాల లోపు 'రీసెట్' చేయండి. ఆలస్యమైతే అలామ్ ఆ మాట మరిచిపోతుంది.

కన్సోల్ కనబడుతోంది గానీ ఏం కొట్టినా పడటం లేదన్న వాళ్లకి: రాసే హక్కు ఒక్కరికే. మీరే నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ పోర్టులోంచి ఇంకో కిటికీ తెరిచి వదిలేసి ఉంటారు. 'కన్సోల్ -ఎఫ్' కొడితే హక్కు లాక్కోవచ్చు. అవతల ఉన్నది నిజంగా వేరే మనిషైతే ముందు ఫోన్ చేయండి.

ఎస్ఎస్‌హెచ్‌లో ర్యాక్ పక్క ల్యాప్‌టాప్‌కి వెళ్లి, అక్కడ సీరియల్ కేబుల్ మీద కన్సోల్ తెరిచే 'సీయూ' నడిపేవాళ్లు బయటికి రావడానికి టిల్డా, చుక్క కొడితే ఎస్ఎస్‌హెచ్చే తెగిపోతుంది. టిల్డా రెండుసార్లు, తర్వాత చుక్క.

అభ్యాసం. ఆఫీసు యంత్రం మీద వద్దు, మీ సొంత పెట్టె మీదే. పవర్ బటన్ ముట్టుకోకుండా: సొలారిస్‌లోంచి దిగండి, రీసెట్ చేసి డిస్కులు చూడండి, 'బూట్ -ఎస్'తో సింగిల్ యూజర్‌లోకి వెళ్లండి, ఆటో-బూట్? ట్రూ అయిందో లేదో అక్కడినుంచే 'ఈఈప్రామ్'తో సరిచూసుకోండి, మామూలు స్థితికి రండి. తర్వాత ఎస్‌సీ> దగ్గర 'కన్సోల్‌హిస్టరీ' కొట్టి, వచ్చిందంతా ఒక ఫైల్లో పెట్టి, ప్రతి లైను పక్కన అది ఓపెన్‌బూట్ మాటో సొలారిస్ మాటో రాయండి. హెచ్చరిక ఎక్కడైనా వచ్చి ఉంటే దాని కింద మీరు కొట్టింది వైయో ఎన్నో కూడా.