చలికాలంలో రామగిరి బంగారు గనులకు ఒకరోజు ట్రిప్పు ఎట్లా వేసుకోవాలంటే

అనంతపురంలో ఉండి కూడా రామగిరి చూడనోళ్ళు చానామంది, లేపాక్షి పుట్టపర్తి చూసేసి ఇంకేముందిలే అనుకుంటారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మనకు పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసే దూరమే. డిసెంబర్, జనవరే కరెక్ట్ టైమ్, మార్చి దాటితే ఆ గుట్టల్లో రాళ్ళు కాలిపోతాంటాయి.

ఆరున్నరకే బయల్దేరండి. బెంగళూరు హైవేలో చెన్నేకొత్తపల్లి దాకా పోయి కుడికి తిరగాలి. మంచు పడింటే లైట్లేసుకొని నిదానంగా పోండి, బైకోళ్ళకు స్వెట్టరొక్కటే చాలదు, చెవులకు మఫ్లర్ కూడా కావాలి, మళ్ళీ పదకొండుకంతా ఎండ చుర్రుమంటుంది కాబట్టి టోపీ. ఉగ్గాని బజ్జీ టౌన్లోనే తినేసి, మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఇంత పెరుగన్నం కట్టుకోండి, నీళ్ళు మాత్రం ఎక్కువే పెట్టుకోండి.

ఎండ ముదరకముందే గాలిమరల గుట్టల వైపు పోండి. గాలి జోరంతా జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే, చలికాలంలో కొన్ని ఊరికే నిలబడుంటాయి, అన్నీ చెడిపోయినాయని అనుకోవద్దు.

తర్వాత గనులు. ఒకటి ముందే చెప్తా, టికెట్ తీసుకొని లోపలికి దిగి చూసే ఏర్పాటేం లేదు. కర్ణాటకలోని కోలార్, హట్టి బంగారు గనుల మాదిరే ఇక్కడా చానా పాత రాతి పొరలు, అందులో తెల్లటి క్వార్ట్జ్ చారల్లో బంగారం ఉండేది. బ్రిటిష్ వాళ్ళ టైంలో కోలార్ తవ్విన జాన్ టేలర్ కంపెనీయే ఇక్కడా తవ్వింది, 1927 ప్రాంతంలో ఆపేసినారు. మళ్ళీ చానా ఏళ్ళకు భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళు ఎప్పమాన గని నడిపి 2001లో, అంటే కేజీఎఫ్ (ఆ కోలార్ గనులే) మూతపడిన ఏడాదే, మూసేసినారు. పాత షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) దగ్గరికి అస్సలు పోవద్దు, అంచుల్లో మట్టి ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలీదు, ముళ్ళకంపలో గుంత ఉన్నట్టు కూడా కనపడదు. రాయిని పొడి చేసి సైనైడ్‌తో బంగారం తీసేవాళ్ళు కాబట్టి ఆ పొడి దిబ్బల మీద పిల్లోళ్ళను ఆడుకోనీయొద్దు, సెల్ఫీలకు కూడా ఎక్కొద్దు.

మరి చూసేదేముంది అంటారా, నన్నడిగితే అసలు గని ఊర్లో జనాలే. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎవరైనా ఉంటే నమస్తే పెట్టి, గనిలో పనిచేసినోళ్ళు ఎవరైనా ఉన్నారా పెద్దాయనా అని అడగండి. దొరికితే ఏ షిఫ్టుకు పోయేవాళ్ళు, ఎంత లోతు దిగేవాళ్ళు, మూసేసినాక ఏం చేసినారు అని మెల్లగా అడగండి, బంగారం ఇంకా ఉందా అని మాత్రం మొదలుపెట్టొద్దు, అందరూ అదే అడిగి విసిగించింటారు. ఫోటో తీయాలంటే అడిగే తీయండి.

టైముంటే పేరూరు డ్యాం. పెన్నా మీద కట్టింది, వానలు బాగా పడిన ఏడాదైతేనే చూడ్డానికి బాగుంటుంది, నీళ్ళున్నాయా లేవా ఊర్లోనే కనుక్కొని పోండి. ఆరుకంతా చీకటి పడుతుంది, ఐదుకే తిరుక్కోండి. దోవలో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) అమ్ముతాంటే కిలోకు తగ్గకుండా తెచ్చుకోండి, పితికిపప్పుకు పైపొట్టు తీసేసరికి సగమే మిగుల్తాయి. బస్సులో వచ్చినోళ్ళు మాత్రం దిగగానే వాపసు ఆఖరి బస్సెప్పుడో కండక్టర్‌నే అడిగి పెట్టుకోండి.