హాల్లో రూములకి సిస్టర్ సిటీల పేర్లు పెట్టాలంటే

పేరు పెట్టడం ఈజీనే, జనం ఆ పేరుతో పిలవడమే కష్టం. మా కాలనీ హాల్లో గుమ్మం మీద ఇత్తడి అక్షరాల్లో ఒకాయన పేరుంది, అయినా అందరూ ‘ఏసీ రూము’ అనే అంటారు. వైజాగ్‌లో ఎవరైనా హాల్లో గదులకి సిస్టర్ సిటీల పేర్లు, అంటే ఊరితో ఊరు స్నేహ ఒప్పందం చేసుకున్న విదేశీ ఊళ్ళ పేర్లు, పెట్టాలనుకుంటే ముందు ఇది గుర్తుంచుకోండి.

బిల్డింగ్ ఎవరిదో చూస్కోండి. జీవీఎంసీది (వైజాగ్ కార్పొరేషన్‌ది) అయితే కమిషనర్ పేర అర్జీ ఇచ్చి రసీదు తీస్కోండి, కార్పొరేటర్‌తో కూడా చెప్పించండి. అసోసియేషన్‌ది అయితే జనరల్ బాడీలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి. రూముకి పేరు వేరు, ఊళ్ళ మధ్య ఒప్పందం వేరు, విదేశీ ఊరితో ఒప్పందమంటే ఢిల్లీలో విదేశాంగ శాఖ దాకా పోవాలి, ఆ రెండూ కలిపేసి అర్జీ రాస్తే ఫైలు కదలదు.

ఇక పేరు. అమెరికాలో డెన్వర్ వాళ్ళు సిస్టర్ సిటీల పేర్లు పార్కులకి పెట్టారు, జపాన్‌లోని తకయామా పేరుతో ‘సిటీ ఆఫ్ తకయామా పార్క్’ అని, అంటే అదో ఊరని చదివినవాడికి తెలిసిపోతుంది. మనం కూడా ‘తకయామా నగరం గది’ అని పెట్టాలి, ఉత్త ‘తకయామా’ అంటే దాత పేరో, టిఫిన్ సెంటరో అనుకుంటారు. స్పెల్లింగ్ ముందు తెలుగులో ఖాయం చేస్కోండి, వీలైతే ఆ ఊరివాళ్ళు ఎలా పలుకుతారో ఒకసారి విని మరీ. ఒక ఊరికి పెద్ద హాలు, ఇంకో ఊరికి స్టోర్ రూము ఇవ్వకండి గురూ, ఇంటి ఆడపడుచులకి సారె పెట్టినట్టే, తేడా వస్తే మాటొస్తుంది.

గదిలో ఆ ఊరి కథ ఒక్కటి ఉండాలి, జనాభా లెక్కలు ఎవడూ చదవడు. చెన్నైకి సిస్టర్ సిటీ అయిన రష్యాలోని వోల్గోగ్రాడ్ సంగతే చూడండి, అప్పటి పేరు స్టాలిన్‌గ్రాడ్, రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైపోయింది, బాంబులకి తానూ దెబ్బతిన్న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి 800 మందికి పైగా ఆడవాళ్ళు తమ పేర్లు కుట్టిన టేబుల్ క్లాత్ అక్కడికి పంపారు, 1944లో ఆ రెండూ సిస్టర్ సిటీలయ్యాయి. ఇలాంటి కథ నాలుగు లైన్లలో గోడకి పెడితే పిల్లలే ఇంటికెళ్ళి చెప్తారు.

బోర్డు దగ్గర కక్కుర్తి పడొద్దు. ఫ్లెక్స్ ఎండకి వెలిసిపోతుంది, బీచ్ దగ్గర మామూలు ఇనుము అయితే ఉప్పుగాలికి తుప్పే, స్టీలైతే 316 గ్రేడ్ అడగండి, 304 కంటే రేటెక్కువే కానీ ఉప్పుని బాగా తట్టుకుంటుంది, లేదంటే గ్రానైట్ మీద చెక్కించేయండి. పైన తెలుగు, కింద ఇంగ్లీష్, మూలన పాత రూము నంబరు కూడా, లేకపోతే కరెంటు పనికొచ్చినవాడు వెతుక్కుంటాడు.

అసలు కిటుకు బుకింగ్ రిజిస్టర్లో ఉంది. రసీదు మీద కొత్త పేరే రాయమని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పండి, ఎవరైనా ‘ఏసీ రూము’ అని అడిగితే ‘వోల్గోగ్రాడ్ నగరం గదేనా అండీ’ అని ఆయన తిరిగి అడగాలి. శుభలేఖ మీద ఆ పేరు ఒక్కసారి అచ్చయిందంటే ఇక బోర్డు ఊడిపోయినా పర్లేదు.