నీళ్లు ఎక్కేటప్పుడు ఘాట్ మెట్ల దగ్గర జిలేబీ చేపకు గాలం

జూరాల, సుంకేసుల గేట్లెత్తారంటే శ్రీశైలం జలాశయం నీళ్లు సంగమేశ్వరం, ముచ్చుమర్రి వైపు ఎగదన్నుతాయి. సంగమేశ్వరం గుడి మునిగాక చాలామంది చేసే తప్పు ఒకటే: ఎండాకాలంలో చేప పడిన లోతులోకే మళ్లీ గాలం విసరడం. నీళ్లు లేస్తున్నన్నాళ్లూ జిలేబీ (తిలాపియా) అంచుకొస్తుంది. కొత్తగా మునిగిన నేలలోని ఎర్రలు (వానపాములు), పురుగులు, గడ్డి దానికి కావాలి. రెండు మూడు అడుగుల లోతులోనే వెతకండి. మునిగిన కంపచెట్టు మొదలు, 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్ మెట్ల పక్క, కట్టేసిన పుట్టి నీడ మంచి చోట్లు. వాగు నీళ్లు జోరుగా దూకే చోట నిలబడొద్దు, దాని పక్కన నీళ్లు మెల్లగా తిరిగే మూల చూసుకోండి.

పన్నెండడుగుల వెదురు కర్ర చాలు. దారం కర్ర కంటే అడుగు తక్కువ ఉండాలి. గాలం 8 నంబరు. అంతకంటే పెద్దదైతే జిలేబీ చిన్న నోట్లో పట్టదు, ఎర మాత్రం పోతుంది. గాలానికి జానెడు పైన చిన్న సీసం గుండు నొక్కండి. బెండుకు ఎండిన జొన్నదంటు ముక్క, నాలుగంగుళాలు. దానికి కొవ్వొత్తి మైనం రుద్దకపోతే గంటలో నీళ్లు పీల్చి దానంతటదే మునుగుతుంది, చేప లాగిందనుకుని ఊరికే లేపుతుంటారు. నీటి పైన అరంగుళం బెండే కనబడాలి. ఎక్కువ తేలితే సీసం పెంచండి.

ఎర్రనీళ్లలో పిండి ఎర కరిగిపోతుంది, చేపకు చూపు కూడా ఆనదు. అందుకని ఎర్రే మేలు. సగం ఎర్రను గాలానికి గుచ్చి, కొస అంగుళం వేలాడనివ్వండి. అది కదిలితేనే చేప పసిగడుతుంది. విసరొద్దు. కర్ర చాచి, కొమ్మకు జానెడు దూరంలో ఎరను నిలువుగా దింపండి. మూరెడు దూరంలో పడినా చేప బయటికి రాదు. ఐదు నిమిషాలు చూసి, కదలిక లేకపోతే పక్క కొమ్మకు మారండి.

జిలేబీ ప్రతిసారీ బెండును ముంచదు. ఒక్కోసారి ఎరను పైకెత్తుతుంది, అప్పుడు బెండు లేచి పక్కకు వాలుతుంది. అదే అదను. మణికట్టుతో చిన్నగా లేపండి, గుంజితే పెదవి చిరుగుతుంది. గాలం కంపకు తగులుకుంటే లాగకండి. దారం వదులు చేసి, కర్ర కొసను గాలం దాకా నెట్టితే ఊడొస్తుంది. చేపను పట్టేటప్పుడు తల నుంచి తోక వైపు చేయి జరిపి వెన్ను ముళ్లు పడుకోబెట్టండి, లేదంటే అరచేయి చీరుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది నీటి అంచు. వచ్చీ రాగానే అంచులో పుల్ల గుచ్చి నీటిమట్టం దగ్గర దారం కట్టండి. నీళ్లు నాలుగు వేళ్లు లేచాయంటే మీరూ వెనక్కి జరగాలి, గాలం వేసే చోటూ మార్చాలి. వెనుక పల్లం ఉంటే మాత్రం అక్కడ కూర్చోనే వద్దు, తెలియకుండా చుట్టూ నీళ్లొస్తాయి. మునిగే కంపల మీదికి పాములు, తేళ్లు ఎక్కుతాయి, చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. వేట నిషేధం రోజులు, అనుమతి సంగతి ముందే మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి.

నీళ్లు తగ్గడం మొదలైన రోజు అంచు ఖాళీ అవుతుంది. అప్పుడు బెండును పైకి జరిపి, కింది మెట్ల పక్కన ఆరడుగుల లోతుకు దింపండి.