రెండు వందల టన్నుల నౌకను ఆటలో నడిపించడం ఎలా

రోల్ ప్లేయింగ్ ఆటలో, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాట్లాడుతూ పాచికలతో నడిపే కథలో, కొత్తగా రిఫరీ (ఆ కథ నడిపించే మనిషి) అయినవాళ్లు అంతరిక్ష నౌక అనగానే వేగం గురించి, ఫిరంగుల గురించి అడుగుతారు. ముందు దాని పొట్టలో ఎంత చోటుందో, ఆ చోటు ఎవరికి ఎంత పోతుందో లెక్క వేయండి. కథంతా ఆ లెక్కలోనే ఉంది.

నేను విశాఖ పోర్టు దగ్గర ఒక స్టీమర్ ఏజెంటు ఆఫీసులో పద్దులు చూస్తాను. ఓడ కదలని ప్రతి రోజూ ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడడం రోజూ చూస్తుంటాను. ఆదివారం సాయంత్రాలు పెదవాల్తేరులో మా ఇంట్లో మేనకోడలికీ, దాని స్నేహితులకూ ఆట నడిపిస్తాను. మేం ఆడేది 1977లో వచ్చిన అంతరిక్ష ఆట ‘ట్రావెలర్’. ఇక్కడ చెప్పే అంకెలన్నీ దాని పాత నియమాలవే.

ఈ ఆటలో నౌకను చోటుతో కొలుస్తారు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టేంత చోటు, అంటే సుమారు 14 ఘనమీటర్లు, ఒక టన్ను. గ్రాఫ్ కాగితం మీద ఒక గడి 1.5 మీటర్లు, అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుంటే రెండు గడులకు ఒక టన్ను వస్తుంది. నౌక పటం మీరు గీసివ్వకండి, ప్లేయర్ల చేతే గీయించండి. వీలైతే దానికి ముందు వాళ్లను ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్‌కు తీసుకెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. అయినా లోపల వంగి నడవాలి, గుండ్రటి ద్వారాల్లోంచి కాలు ఎత్తి దూరాలి, మనుషులు పడుకునే బల్లలు యంత్రాల సందుల్లో ఉంటాయి. అది చూసొచ్చిన పిల్లలు తమ నౌకలో పెద్ద పెద్ద హాళ్లు గీయడం మానేశారు.

మొదలుపెట్టడానికి సరైన నౌక 200 టన్నుల ఫ్రీ ట్రేడర్, అంటే చిన్న సరుకు నౌక. దీని జంప్ డ్రైవ్, అంటే నక్షత్రాల మధ్య దూరాన్ని గెంతించే యంత్రం, ఒక గెంతులో ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు దాటుతుంది. పార్సెక్‌కు నౌక పరిమాణంలో పదో వంతు ఇంధనం కావాలి కాబట్టి ఒక్క గెంతుకే 20 టన్నుల హైడ్రోజన్ ఖర్చు. దూరం ఒక పార్సెక్ అయినా ఆరైనా జంప్‌లో పట్టేది దాదాపు వారం. ఆ వారం బయటి నుంచి కబురు రాదు, లోపలి నుంచి పోదు. గొడవపడిన ఇద్దరిని ఆ వారంలో ఒకే వంటగదిలో పెట్టండి, వేరే శత్రువు అక్కర్లేదు.

ఇంకో కట్టుబాటు ఉంది. గ్రహం వ్యాసానికి వంద రెట్ల దూరం వెళ్లాకే జంప్ చేయాలి. మా రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరి కాలువలో పైలట్ చెప్పినట్టు నెమ్మదిగా బయటికొచ్చి, సముద్రం తెరుచుకున్నాకే ఓడ వేగం అందుకున్నట్టు. భూమి లాంటి గ్రహమైతే ఆ దూరం దాదాపు 12.7 లక్షల కిలోమీటర్లు. ఒక జీ త్వరణంతో, అంటే భూమ్మీద వస్తువు కిందపడేటప్పటి త్వరణంతో, సగం దూరం వేగం పెంచి, మిగతా సగం తగ్గిస్తూ పోతే ఆరు గంటల పైచిలుకు. గురుడంత గ్రహమైతే దాదాపు 21 గంటలు. దొంగలు వెంటపడే సన్నివేశాలన్నీ ఈ గంటల్లోనే పెట్టండి. గురుడి లాంటి వాయుగ్రహం పై పొరల్లోంచి ఇంధనం ఉచితంగా తోడుకోవచ్చు. కానీ శుద్ధి చేయని ఇంధనంతో జంప్ దారి తప్పే ప్రమాదం పెరుగుతుంది. ఎవరైనా ఎందుకు తోడుకుంటారో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది.

నౌక ధర 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు (ఆటలోని డబ్బు). బ్యాంకుకు కట్టే నెల కిస్తీ అందులో 240వ వంతు, అంటే 1,54,500. అలా 480 నెలలు కట్టాలి. వారం జంప్‌లో, వారం రేవులో గడిస్తే నెలకు రెండు ప్రయాణాలు. సరుకుకు 82 టన్నుల చోటుంది, ప్రయాణానికి టన్నుకు వెయ్యి. పది గదుల్లో నాలుగు సిబ్బందికి పోతే మిగిలిన ఆరుగురు ప్రయాణికులు తలా 8,000 ఇస్తారు. అన్నీ నిండితే నెలకు 2,60,000. నెల ఖర్చులో కిస్తీ కాక జీతాలు 15,000, గదుల్లో గాలికీ తిండికీ 40,000, రెండు జంప్‌లకు శుద్ధి చేసిన ఇంధనం 20,000. మొత్తం 2,29,500. రేవు రుసుములు, ఏటా మరమ్మతు వేరే. సరుకు సగమే దొరికిన నెలలో 51,500 లోటు. ఈ పద్దు ప్లేయర్లలో ఒకరి చేత నోటు పుస్తకంలో రాయించండి. లోటు కంటికి కనబడితే అనుమానాస్పదమైన పెట్టె మోయమని అడిగే మనిషి మాట వాళ్లే శ్రద్ధగా వింటారు.

వెయ్యి క్రెడిట్లకే దొరికే చల్లని పెట్టె ప్రయాణం గురించి మాత్రం జాగ్రత్త. గడ్డకట్టించి తీసుకెళ్లిన మనిషిని లేపేటప్పుడు రెండు పాచికల మీద 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. లేకపోతే ఆ మనిషి బతకడు. మంచి వైద్యుడు లేకపోతే ఆరుగురిలో ఒకరు పోతారన్నమాట. ప్రతి ప్రయాణికుడికీ పేరు పెట్టండి, పాచికలు అందరి ముందూ వేయించండి. వెయ్యి క్రెడిట్లకు అంత ప్రమాదం ఒప్పుకునే పేదవాళ్లు ఆ లోకంలో ఉన్నారని ప్లేయర్లు గుర్తించాలి. నేను ఈ నియమాన్ని ఎప్పుడూ సడలించను.

“మావయ్యా, కిస్తీ ఎగ్గొట్టి పారిపోతే ఏటవుద్ది?” అని మా మేనకోడలు అడిగింది. ఈ ప్రశ్న ప్రతి బల్ల దగ్గరా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఈ లోకంలో కబురు నౌక కన్నా వేగంగా పోదు. రేడియో సందేశం పక్క నక్షత్రానికి చేరడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి బ్యాంకు ఉత్తరం కూడా ఏదో నౌకలోనే రావాలి. కానీ తపాలా నౌకలు ఒక గెంతులో నాలుగు పార్సెక్‌లు దాటుతాయి. ఎనిమిది పార్సెక్‌ల అవతలికి ఉత్తరం రెండు వారాల్లో చేరుతుంది, ఫ్రీ ట్రేడర్‌కు జంప్‌లోనే ఎనిమిది వారాలు. అయితే తపాలా నౌకలు పెద్ద దారుల్లోనే తిరుగుతాయి, పక్కదారి లోకాలకు వెళ్లవు. అందుకని రిఫరీ దగ్గర రెండు క్యాలెండర్లు ఉండాలి, ఒకటి నౌకది, ఇంకోటి దాని గురించిన కబురుది. ఆ రెండూ ఏ రేవులో, ఏ తేదీన కలుస్తాయో ముందే రాసిపెట్టుకుని, ప్లేయర్లకు చెప్పకండి.