దగ్గరి చూపు కళ్ళద్దాల పవరును ఇంట్లోనే కొలిచే విధానం

మహారాష్ట్రలోని సిరొంచలో ప్రాణహిత నది వైపు తెరుచుకునే కిటికీ ఉన్న ఇల్లు ఈ ప్రయోగానికి ఎంతో అనువైనది. ఆవలి ఒడ్డు చెట్లు చాలా దూరాన ఉండటం వల్ల వాటి నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా కటకాన్ని (లెన్సును) చేరుతాయి.

పగటి వేళ మిగిలిన తలుపులు మూసి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు తెల్ల కాగితం అంటించి, కళ్ళద్దాలలో ఒక అద్దాన్ని దానికి సమాంతరంగా పట్టుకొని, చెట్ల బొమ్మ స్పష్టపడేంత వరకు ముందుకూ వెనక్కూ జరపాలి. బొమ్మ తలకిందులుగా పడుతుంది. చెట్టు కొన నుంచి వచ్చిన కిరణాలు కటకం దాటాక కిందికి చేరడమే అందుకు కారణం. అద్దానికీ కాగితానికీ మధ్య దూరాన్ని సెంటీమీటర్లలో కొలిచి, 100ను ఆ సంఖ్యతో భాగిస్తే పవరు డయాప్టర్లలో వస్తుంది: 50 సెంటీమీటర్లయితే +2, 40 అయితే +2.5. సిలిండర్ పవరు (ఒక్కో దిశలో ఒక్కో పవరు) కూడా ఉన్న అద్దంతో బొమ్మ ఏ దూరంలోనూ పూర్తిగా స్పష్టపడదు. అద్దాన్ని సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పకండి, కాగితానికి నిప్పంటుకోవచ్చు.

మన కంట్లో వెనక ఉండే రెటీనా అనే పొర మీద కూడా బొమ్మ తలకిందులుగానే పడుతుంది. అయితే అక్కడ జరిపే దూరం లేదు. కంటి కటకమే ఉబ్బుతూ, పలచబడుతూ సర్దుకుంటుంది. వయసుతో పాటు అది బిరుసెక్కడం వల్లనే 40 దాటినవారికి ఈ అద్దాలు అవసరమవుతాయి.