ఇంతలో ఏమైందంటే: ఇంగ్లీషులో జరిగింది చెప్పేటప్పుడు పాస్ట్ కంటిన్యూయస్ ఎక్కడ వాడాలి

2016లో ఒక సాయంత్రం బెంగళూరులో కుందలహళ్ళి గేట్ దగ్గర ఎర్ర లైటు పడితే స్కూటీ ఆపుకుని నిలబడి ఉన్నాను. అక్కడ ఇంకా అండర్‌పాస్ రాని రోజులవి. వెనక నుంచి ఒక కారు వచ్చి గుద్దింది. మోకాలు చీరుకుపోయింది, బండి వెనక భాగం నొక్కుకుపోయింది. మర్నాడు ఇన్సూరెన్సు వాళ్ళకు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమంది. నేను చెప్పిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది.

"వెన్ ద కార్ కేమ్, ఐ స్టాప్డ్ ఎట్ ద సిగ్నల్."

నా మనసులో ఉన్నది "కారు వచ్చేసరికి నేను సిగ్నల్లో ఆగి ఉన్నాను" అని. ఆమె చెవిన పడింది "కారు వచ్చింది, అప్పుడు నేను ఆగాను" అని. కాగితం మీద మాత్రం నేను ఉన్నట్టుండి బ్రేకు వేసినట్టు ఎక్కింది. దాన్ని సరిచేయించుకోవడానికి మూడు వారాలు తిరిగాను. నేను చెప్పాల్సిన వాక్యం ఇది:

"ఐ వాజ్ వెయిటింగ్ ఎట్ ద సిగ్నల్ వెన్ ఎ కార్ హిట్ మీ ఫ్రమ్ బిహైండ్."

ఒక్క 'వాజ్', ఒక్క 'ఇంగ్'. ఈ జోడీనే పాస్ట్ కంటిన్యూయస్ అంటారు. అవి ఉంటే తప్పు కారువాడిది, లేకపోతే నాది. అప్పటికి నేను అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని. ఇప్పుడు నా ఉద్యోగమే కస్టమర్లతో మాట్లాడే టీముకు ఇంగ్లీషు మాటతీరు నేర్పడం. ఆదివారాలు మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్ మేడ మీద మన తెలుగు పిల్లలు పదిమంది దాకా కూర్చుంటారు. కడప, అనంతపురం, నెల్లూరు పిల్లలే ఎక్కువ. మా హిందూపురం వాళ్ళు ఒకరిద్దరు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పొరపాటు తెలివితక్కువతనం వల్ల రాదు, మన తెలుగు వల్ల వస్తుంది. "ఇప్పుడు తింటున్నాను" అంటాం. "నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను" అని కూడా అంటాం. రెండుచోట్లా అదే 'తింటున్నాను'. పని సాగుతోందని మాత్రమే ఆ మాట చెబుతుంది. ఇవాళో నిన్నో అన్నది పక్కన ఉన్న మాట చెబుతుంది. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ఇవాళైతే 'యామ్', నిన్నయితే 'వాజ్' అని క్రియ దగ్గరే తేల్చమంటుంది. అందుకే మన పిల్లల నోట "యెస్టర్డే వెన్ యు కాల్డ్, ఐ యామ్ ఈటింగ్" అని వచ్చేస్తుంది. తెలుగులో అది నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు 'యామ్' ఒక్కటి 'వాజ్' కావాలి, అంతే. ఐ, హీ, షీ, ఇట్‌కి 'వాజ్'. యు, వియ్, దేకి 'వర్'. వ్యాకరణం ఈ రెండు ముక్కలే. మిగిలినదంతా ఎక్కడ వాడాలన్నదే.

ఎక్కడ వాడాలో తెలియడానికి నా దగ్గర ఒక్కటే పద్ధతి ఉంది. జరిగింది ముందు తెలుగులో, ఇంట్లో అమ్మకు చెప్పినట్టే చెప్పుకోండి. అందులో 'ఇంతలో' ఎక్కడ వస్తుందో చూడండి. ఇంతలోకి ముందున్నది వాజ్-ఇంగ్. ఇంతలో తర్వాత జరిగినది మామూలు పాస్ట్.

పోయిన వానాకాలం ప్రొద్దుటూరు పిల్ల ఒకతి నాకు చెప్పిన సంగతి తీసుకుందాం. తెలుగులో ఇలా చెప్పింది:

"మేడ మీద బట్టలు ఆరేస్తున్నానక్కా. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటున్నాను. మబ్బు పడుతోంది. ఇంతలో ఎవరో లోపల్నుంచి తలుపు గడియ పెట్టేశారు. కొట్టాను, అరిచాను, ఎవరూ రాలేదు. అందరూ కింద భోంచేస్తున్నారు మరి! ఆఖరికి పక్క బిల్డింగ్ అంకుల్ చూసి వార్డెన్‌కి చెప్పాడు."

ఎంత బాగా చెప్పిందో చూడండి. మేడ కళ్ళకు కడుతుంది, తలుపు పడ్డ చప్పుడు వినపడుతుంది. అదే పిల్లను ఇంగ్లీషులో చెప్పమంటే మొదటిసారి ఇలా వచ్చింది: "యెస్టర్డే ఐ యామ్ డ్రయింగ్ క్లోత్స్, సాంగ్స్ లిజనింగ్, సమ్‌బడీ ఈజ్ లాకింగ్ ద డోర్, ఐ వాజ్ షౌటింగ్, నోబడీ వాజ్ కమింగ్." అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఏది జరుగుతూ ఉన్నది, ఏది వచ్చి పడ్డది తెలియడం లేదు. కథలో ఆ తలుపు పడటమే ముఖ్యం, అదే మిగతావాటిలో కలిసిపోయింది.

ఇంతలో దగ్గర గీత గీసి మళ్ళీ చెప్పించాను:

"ఐ వాజ్ హ్యాంగింగ్ మై క్లోత్స్ ఆన్ ద టెర్రస్. ఐ వాజ్ లిజనింగ్ టు మ్యూజిక్, అండ్ ఇట్ వాజ్ గెటింగ్ క్లౌడీ. దెన్ సమ్‌బడీ లాక్డ్ ద డోర్ ఫ్రమ్ ఇన్‌సైడ్. ఐ బ్యాంగ్డ్ ఆన్ ఇట్, ఐ షౌటెడ్, నోబడీ కేమ్. ఎవ్రీవన్ వాజ్ హావింగ్ డిన్నర్ డౌన్‌స్టెయిర్స్. ఫైనల్లీ ది అంకుల్ నెక్స్ట్ డోర్ సా మీ అండ్ టోల్డ్ ద వార్డెన్."

లాక్డ్, బ్యాంగ్డ్, షౌటెడ్, కేమ్, సా, టోల్డ్. ఇవి మెట్లు. ఒకదాని తర్వాత ఒకటి దిగుతాం. వాజ్-ఇంగ్‌లు మెట్లు కావు, ఆ మెట్లున్న ఇల్లు. మధ్యలో ఒక్కసారి మళ్ళీ 'వాజ్ హావింగ్ డిన్నర్' అని వచ్చింది గమనించారా? ఎవరూ ఎందుకు రాలేదో వినేవాళ్ళకు చెప్పడానికి ఒక్క క్షణం మెట్టు మీద ఆగి లోపలికి చూపించింది. తెలుగులో 'భోంచేస్తున్నారు మరి' అన్నప్పుడు ఆ 'మరి' చేసిన పని అదే. కాబట్టి ఇంతలో దాటాక ఇంగ్ రాకూడదని కాదు. ఏదైనా కారణం చూపించాల్సి వస్తే వస్తుంది.

ఇక్కడే ఇంకోటి. "అరుస్తూనే ఉన్నాను" అని నొక్కి చెప్పాలంటే 'ఐ వాజ్ షౌటింగ్' సరిపోదు. "ఐ కెప్ట్ షౌటింగ్" అనాలి. మన 'తూనే'కి ఇంగ్లీషులో సరైన జోడీ 'కెప్ట్'.

"బస్సు దిగి, రోడ్డు దాటి, టీ తాగి" లాంటి వరుస వచ్చినప్పుడు ఆ 'దిగి'ని 'గెటింగ్ డౌన్' చేయకండి. అవి పూర్తయిన పనులు. "ఐ గాట్ ఆఫ్ ద బస్, క్రాస్డ్ ద రోడ్, హ్యాడ్ ఎ టీ."

ఇప్పుడు నన్ను మూడు వారాలు తిప్పిన దాని దగ్గరకు వద్దాం. మనకు ఆగి ఉన్నాను, కూర్చుని ఉన్నాను, నిలబడి ఉన్నాను, పడుకుని ఉన్నాను అని ఒక గుంపు ఉంది. తొందరలో వాటిని ఆగాను, కూర్చున్నాను అని కుదించేస్తాం, తెలుగువాళ్ళకు అర్థమైపోతుంది. "ఆయన వచ్చేసరికి నేను కిటికీ పక్కన కూర్చున్నాను" అంటే అప్పటికే కూర్చుని ఉన్నానని ఎవరికైనా తెలుసు. కానీ "వెన్ హీ కేమ్, ఐ శాట్ బై ద విండో" అంటే ఆయన వచ్చాక వెళ్ళి కూర్చున్నట్టు. అప్పటికే కూర్చుని ఉంటే "ఐ వాజ్ సిటింగ్ బై ద విండో." మేనేజర్ వచ్చినప్పుడు "ఐ స్టుడ్ అప్" అంటే మర్యాదగా లేచానని, "ఐ వాజ్ స్టాండింగ్" అంటే ముందే నిలబడి ఉన్నానని. పోలీసు కంప్లయింటులో 'ఎర్ర చొక్కా వేసుకుని ఉన్నాడు' అని చెప్పాలంటే "హీ వాజ్ వేరింగ్ ఎ రెడ్ షర్ట్." తెలుగులో 'ఆగి ఉన్నాను', 'కూర్చుని ఉన్నాను' లాగా సాగదీసి చెప్పగలిగితే ఇంగ్లీషులో చాలావరకు వాజ్-ఇంగ్ పడుతుంది. నా పిల్లలకు ఈ ఒక్క పరీక్ష వంటబడితే చాలనుకుంటాను. ప్రమాదం, దొంగతనం, ఆఫీసులో గొడవ, డాక్టరుకు నొప్పి ఎలా మొదలైందో చెప్పడం, అన్నిచోట్లా అక్కరకొచ్చేది ఇదే.

అలాంటి చోట్ల 'కాదు' కూడా అంతే అవసరం. "వర్ యు యూజింగ్ యువర్ ఫోన్?" అని అడుగుతారు. "నో, ఐ వాజంట్. ఐ వాజ్ లుకింగ్ ఎట్ ద సిగ్నల్" అని తడుముకోకుండా రావాలి. "ఐ డిడంట్ యూజ్ ఇట్" అన్నా తప్పు కాదు గానీ, ఆ క్షణంలో ఏం చేస్తున్నావన్న ప్రశ్నకు 'వాజంట్' సూటిగా తగులుతుంది.

వాడకూడని చోట్లు రెండు. మొదటిది, మన 'ఉండేది', 'తెలుసు'. "నాకు అప్పట్లో స్కూటీ ఉండేది" అన్నదాన్ని "ఐ వాజ్ హావింగ్ ఎ స్కూటీ" అంటారు. "ఐ హ్యాడ్ ఎ స్కూటీ." "ఆయన నాకు ముందే తెలుసు" అన్నదాన్ని "ఐ వాజ్ నోయింగ్ హిమ్" అంటారు. "ఐ న్యూ హిమ్." ఉండటం, తెలియడం, అర్థం కావడం, నమ్మడం చేసే పనులు కావు, కాబట్టి వాటికి ఇంగ్ తగిలించరు. తినడం, తాగడం అనే అర్థంలో 'వాజ్ హావింగ్ టిఫిన్' మాత్రం నిక్షేపంగా అనవచ్చు.

రెండోది, రోజూ చేసిన పని. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం దాకా మెట్రో వచ్చింది. అక్కడి నుంచి బైయప్పనహళ్ళికి లైను కలిసింది అక్టోబర్లో. ఆ మధ్య నెలల్లో కేఆర్ పురంలో దిగి, ఫీడర్ బస్సెక్కి, మళ్ళీ మెట్రో పట్టుకునేదాన్ని. 'పట్టుకునేదాన్ని', 'వెళ్ళేవాడిని' అని తెలుగులో వచ్చిందంటే ఇంగ్లీషులో 'యూజ్డ్ టు': "ఐ యూజ్డ్ టు టేక్ ద ఫీడర్ బస్ ఎవ్రీ డే." 'ఎవ్రీ డే ఐ వాజ్ టేకింగ్' అంటే అతుకు కనిపిస్తుంది. కొన్నాళ్ళపాటు నడిచిన ఏర్పాటును వెనక తెరలాగా చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్ చక్కగా సరిపోతుంది: "దట్ ఇయర్ ఐ వాజ్ స్టేయింగ్ ఇన్ ఎ పీజీ అండ్ వర్కింగ్ నైట్స్." ఆ తర్వాత ఇంతలో రాబోతోందని వినేవాళ్ళకు తెలిసిపోతుంది.

'బోతున్నాను' గురించి కొంచెం. "500డీ బస్సు ఎక్కబోతున్నాను, ఇంతలో ఫోన్ మోగింది." ఇది "ఐ వాజ్ అబౌట్ టు గెట్ ఆన్ ద 500డీ వెన్ మై ఫోన్ ర్యాంగ్." చేద్దామనుకున్నాను గానీ కుదరలేదు అన్నప్పుడు "ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు, బట్ మై బ్యాటరీ డైడ్." సగం చెప్పగానే తర్వాత 'కానీ' వస్తుందని అవతలివాళ్ళు కాచుకుంటారు.

నాకు చాలా ఇష్టమైన వాడుక ఒకటుంది, పుస్తకాల పాఠాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఫోన్లో "అమ్మ అంటోంది, ఈసారి మామిడికాయలు త్వరగా వచ్చాయట" అంటాం చూడండి. అమ్మ అన్నది నిన్న, మనం చెప్పేది ఇవాళ, అయినా 'అంటోంది' అంటాం. ఇంగ్లీషు మాటల్లోనూ అచ్చం అదే ఉంది: "మై మదర్ వాజ్ సేయింగ్ ద మ్యాంగోస్ హావ్ కమ్ ఎర్లీ దిస్ ఇయర్." 'సెడ్' అంటే ఆ ముక్క అప్పజెప్పినట్టుంటుంది. 'వాజ్ సేయింగ్' అంటే కబుర్లలో దొర్లిన మాటను మీ ముందుకు తెచ్చినట్టుంటుంది. కాఫీ మిషన్ దగ్గర నిలబడి పక్కవాళ్ళతో మాట కలపడానికి ఇంతకంటే తేలికైన మొదలు నాకు కనపడలేదు.

పలకడం దగ్గర మనం 'వాజ్'ను ఒత్తి, సాగదీసి అంటాం. ఇక్కడ చదువుకోడానికి వీలుగా అలా రాశాను గానీ, మాట మధ్యలో అది 'వజ్' అని చిన్నగా జారిపోవాలి. బరువు తర్వాతి క్రియ మీద పడాలి. "ఐ వజ్ *వెయి*టింగ్." మృదంగంలో చిన్న దెబ్బ, వెంటనే పెద్ద దెబ్బ పడినట్టు. 'వర్' కూడా అంతే: "వాట్ వర్యు *డూ*యింగ్?" 'వాజ్'ను ఒత్తి పలకాల్సింది ముఖ్యంగా ఎవరైనా నమ్మనప్పుడు: "ఐ *వాజ్* వెయిటింగ్!"

సాధనకు నోటుబుక్కు వద్దు. రోజూ రాత్రి ఆ రోజు జరిగిన ఒక చిన్న సంగతి తీసుకోండి. పాలు పొంగినా, లిఫ్టు ఆగినా, సిల్క్ బోర్డ్ దగ్గర వానకు ఇరుక్కున్నా చాలు. ముందు తెలుగులో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ మీకు మీరే పంపుకోండి. దాన్ని విని ఇంతలో ఎక్కడ పడిందో పట్టుకోండి. మనం ఒక్కోసారి ఇంతలో అనం, 'అప్పుడే', 'ఈలోపల', 'చూసేసరికి' అంటాం. అన్నీ ఆ గీతే. తర్వాత ఇంగ్లీషులో చెప్పండి. గీతకు ముందు రెండు వాజ్-ఇంగ్ వాక్యాలు చాలు, మూడోది దాటితే వినేవాళ్ళు విసుగుపడతారు.

ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్ళు అదే పద్ధతిలో ఆఫీసు సంగతి ఒకటి సిద్ధం చేసుకోండి. "టెల్ మీ అబౌట్ ఎ టైమ్ వెన్..." అని అడగడం ఇప్పుడు మామూలే. "వియ్ వర్ టెస్టింగ్ ద న్యూ బిల్డ్. ఐ వాజ్ చెకింగ్ ద పేమెంట్ పేజ్ వెన్ ద సర్వర్ వెంట్ డౌన్." అక్కడి నుంచి మెట్లు: కాల్డ్, చెక్డ్, ఫౌండ్, ఫిక్స్డ్.

ప్రొద్దుటూరు పిల్ల నెల రోజులు ఈ మెసేజులు నాకే పంపింది. మొన్న వచ్చినదాంట్లో మొదటి ముక్క ఇది: "అక్కా, ఐ వాజ్ క్రాసింగ్ ద మారతహళ్ళి బ్రిడ్జ్ వెన్ హెచ్ఆర్ కాల్డ్." ఉద్యోగం వచ్చింది.