కణజాతుల మధ్య క్రొమాటిన్ గుర్తులను పోల్చడం: బీసీఎల్11ఏ జన్యువుతో ఒక అభ్యాసం

గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో సికిల్ సెల్ వ్యాధి అందరూ ఎరిగినదే కనుక, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం కళాశాలల్లో జీవశాస్త్రం చదివే మన తెలుగు విద్యార్థులు క్రొమాటిన్ (డీఎన్‌ఏ, అది చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల కూర్పు) విశ్లేషణను బీసీఎల్11ఏ జన్యువుతో మొదలుపెట్టడం మంచిది. గర్భస్థ దశ హిమోగ్లోబిన్‌ను పుట్టిన తరువాత అణచివేసేవాటిలో ఇది ముఖ్యమైనది. సికిల్ సెల్ వ్యాధికి 2023లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన క్యాస్‌జెవీ అనే జన్యు సవరణ చికిత్స కత్తిరించేది దీని రెండో ఇంట్రాన్ (జన్యువులో ప్రోటీన్‌కు సంకేతం ఇవ్వని భాగం) లోని ఎన్‌హాన్సర్‌నే, అంటే జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్కనే.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు కణాన్ని ఎంచుకోవాలి. దత్తాంశం పుష్కలంగా ఉందని చాలామంది కె562 అనే రక్తక్యాన్సర్ కణాలను తీసుకుంటారు. కానీ అవి గర్భస్థ దశ గ్లోబిన్‌నే తయారుచేస్తాయి, వాటిలో బీసీఎల్11ఏ చాలా తక్కువ. కాబట్టి పెద్దవారి సీడీ34 కణాల (రక్త మూలకణాల) నుంచి పెంచిన ఎరిత్రోబ్లాస్టులను (ఎర్రకణాల పూర్వరూపాలను), పోలికకు బి లింఫోసైట్లను (ఒక రకం తెల్లకణాలను) తీసుకోండి.

ముడి సీక్వెన్స్ ఫైళ్ల జోలికి మొదట్లో పోనక్కరలేదు. హాస్టల్ నెట్‌తో అన్ని గిగాబైట్లు దించుకోవడం వృథా ప్రయాస. ఎన్‌కోడ్ అనే ఉచిత జీనోమ్ దత్తాంశ పోర్టల్‌లో సిద్ధంగా ఉన్న బిగ్‌విగ్ (జీనోమ్ పొడవునా సంకేతం ఎత్తు), పీక్ (సంకేతం ఎక్కువగా ఉన్న చోట్లు) ఫైళ్లు చాలు. ముడి ఫైళ్లే కావలసి వస్తే వాటి లింకును గెలాక్సీ అనే ఉచిత ఆన్‌లైన్ విశ్లేషణ సర్వర్‌కు ఇస్తే, దింపుకోవడమూ లెక్క చేయడమూ అక్కడే జరిగిపోతాయి.

ఫైళ్లన్నీ ఒకే జీనోమ్ కూర్పువో (హెచ్‌జి19, హెచ్‌జి38 వంటి మానవ జీనోమ్ ప్రామాణిక రూపానివో) కావో తప్పక చూడండి. ఈ ఎన్‌హాన్సర్‌లోని ఆర్‌ఎస్1427407 అనే స్థానం హెచ్‌జి19లో రెండో క్రోమోజోమ్‌పై 60,718,043 దగ్గర ఉంటే, హెచ్‌జి38లో 60,490,908 దగ్గర ఉంటుంది. కూర్పులు కలగలిస్తే రెండు లక్షలకు పైగా బేస్‌ల దూరంలో వెతుకుతూ, అక్కడ ఏమీ లేదని రాసేస్తాం.

హిస్టోన్లపై ఉండే రసాయన గుర్తుల్లో హెచ్3కె4మీ3 ప్రమోటర్లను (జన్యువు చదవడం మొదలయ్యే చోట్లను), హెచ్3కె27ఏసీ చురుకైన ఎన్‌హాన్సర్లను, ప్రమోటర్లను, హెచ్3కె27మీ3 పాలీకోంబ్ ప్రోటీన్లు జన్యువులను అణచివేయడాన్ని చూపుతాయి. చివరిది విశాలంగా పరచుకునే గుర్తు కనుక మ్యాక్స్2 సాఫ్ట్‌వేర్‌లో పీక్‌లు గుర్తించేటప్పుడు దానికి బ్రాడ్ ఎంపిక పెట్టాలి. ఇన్‌పుట్ నియంత్రణ నమూనా (ఏ గుర్తునూ ఎంచుకోకుండా సీక్వెన్స్ చేసిన డీఎన్‌ఏ) లేని ప్రయోగాన్ని పక్కన పెట్టడమే మేలు. ఎన్‌కోడ్ బ్లాక్‌లిస్ట్ ప్రాంతాలను (ఏ ప్రయోగంలోనైనా తప్పుడు సంకేతం చూపే చోట్లను) కూడా తొలగించాలి.

ఇక అసలు చిక్కు ఎత్తులను పోల్చడంలో ఉంది. ఈ ఫైళ్లను చూపే ఐజీవీ సాఫ్ట్‌వేర్‌లో ఆటోస్కేల్ ఉంటే ప్రతి వరుసా తన గరిష్ఠాన్ని బట్టి సాగుతుంది. బి కణాల వరుసలోని చిన్న రొద కూడా ఎరిత్రోబ్లాస్టుల పీక్ అంత ఎత్తుగా కనబడుతుంది. అందుచేత ఇన్‌పుట్‌తో భాగించిన ఫోల్డ్ చేంజ్ ఫైళ్లను తీసుకుని, వరుసలన్నిటినీ ఎంపిక చేసి గ్రూప్ ఆటోస్కేల్ పెట్టండి. తరువాత ముందుగా జీఏపీడీహెచ్ ప్రమోటర్ దగ్గరికి వెళ్లండి. అన్ని కణాల్లోనూ చురుకుగా ఉండే ఆ జన్యువు దగ్గరే ఎత్తులు బాగా తేడాగా ఉంటే, ఆ తేడాకు కారణం ప్రయోగాల నాణ్యత కావచ్చు. అలాంటప్పుడు బీసీఎల్11ఏ దగ్గర కనిపించే తేడాను నమ్మకూడదు.

ఎసిటైలేషన్ (హెచ్3కె27ఏసీ) పీక్ ఉన్నంత మాత్రాన ఆ చోటు ఫలానా జన్యువును నడుపుతోందని రాయకూడదు. కనీసం అవే కణాల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే కొలతతో) పోల్చి చూడాలి. నిర్ధారణ మాత్రం ఆ ముక్కను తొలగించి చూసినప్పుడే. 2013లో ప్రచురితమైన పరిశోధనలో ఎలుక కణాల నుంచి ఈ ఎన్‌హాన్సర్‌ను తొలగించగా, ఎర్రకణ వంశంలో బీసీఎల్11ఏ పడిపోయింది, బి కణాల పూర్వరూపాల్లో మాత్రం నిలిచి ఉంది.